క్వాంటం బావిలో స్పిన్: గేటు చేసేది ఎంత, కేంద్రకం చేసేది ఎంత

రాజోలు నుంచి ఎం.ఎస్సీ. భౌతికశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థిని రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది: "గేటు కలిగించే విద్యుత్ క్షేత్రం, కదిలే ఎలక్ట్రాన్‌కు అయస్కాంత క్షేత్రంలా కనిపిస్తుందనీ, అదే రష్బా ప్రభావమనీ పుస్తకంలో ఉంది. లెక్క వేస్తే నాకు వచ్చిన విలువ, ప్రయోగంలో కొలిచిన విలువ కంటే లక్షల రెట్లు తక్కువగా ఉంది. ఎక్కడ తప్పాను?" రెండోది: "ఎలక్ట్రాన్ ఎంత ఎక్కువగా ఢీకొంటే స్పిన్ అంత ఎక్కువ కాలం నిలుస్తుందని చదివాను. ఢీకొంటే చెడిపోవాలి కదా మాస్టారూ?"

అమ్మా, మీ లెక్కలో తప్పు లేదు. నేను మళ్లీ వేసి చూశాను. ముందు మూడు మాటలు: స్పిన్ అంటే ఎలక్ట్రాన్‌కు పుట్టుకతో ఉన్న కోణీయ ద్రవ్యవేగం, దానికి పై, కింద అని రెండే స్థితులు. క్వాంటం బావి అంటే ఎలక్ట్రాన్‌ను బంధించే పలుచని అర్ధవాహక పొర. గేటు అంటే దాని మీద వోల్టేజీ ఇవ్వడానికి వేసిన లోహపు పొర. ఇండియం గాలియం ఆర్సెనైడ్ బావిని తీసుకుందాం. అందులో ఎలక్ట్రాన్ ప్రభావ ద్రవ్యరాశి (స్ఫటికంలో అది ఎంత బరువున్నట్లు కదులుతుందో) మామూలు ఎలక్ట్రాన్‌ ద్రవ్యరాశిలో దాదాపు ఇరవయ్యో వంతు. చదరపు సెంటీమీటరుకు లక్ష కోట్ల ఎలక్ట్రాన్లు ఉన్నాయనుకుంటే, ఫెర్మీ అంచున, అంటే అన్నిటికంటే పై శక్తిలో ఉన్న ఎలక్ట్రాన్ వేగం సెకనుకు సుమారు 580 కిలోమీటర్లు. గేటు క్షేత్రం నానోమీటరుకు 10 మిల్లీవోల్టులు అనుకుందాం. అది తక్కువేమీ కాదు. వేగాన్ని క్షేత్రంతో గుణించి కాంతి వేగపు వర్గంతో భాగిస్తే 64 మైక్రోటెస్లాలు వస్తాయి. దిక్సూచి ముల్లును ఉత్తరానికి తిప్పే భూమి అయస్కాంత క్షేత్రం కూడా ఇంచుమించు ఇంతే. ఆ క్షేత్రంలో రెండు స్పిన్ స్థితుల మధ్య శక్తి తేడా, సాపేక్షత వల్ల ఇది సగమవుతుందని థామస్ 1926లో చూపినదాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే, 4 నానో ఎలక్ట్రాన్‌వోల్టులు. ఇలాంటి బావుల్లో కొలిచిన రష్బా గుణకం (ఈ ప్రభావం ఎంత బలమైనదో చెప్పే సంఖ్య) సుమారు 10 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టు-నానోమీటర్లు. దాని నుంచి వచ్చే తేడా 5 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులు. పది లక్షల రెట్లకు పైగా వ్యత్యాసం. ఇంత పెద్ద గండి ఏ చిన్న సవరణతోనూ పూడదు.

కాబట్టి పుస్తకం చెప్పిన బొమ్మనే అనుమానించాలి. ఆ బొమ్మను నేనూ చాలా ఏళ్లు నమ్మాను, విద్యార్థులకు చెప్పాను కూడా. ఒక విద్యార్థి మీలాగే సంఖ్యలు వేసి తెచ్చి ముందు పెట్టిన రోజున నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత కూర్చుని మూలం నుంచి నేర్చుకున్నాను. అందుకే మీ ప్రశ్నకు ఇంత పొడవుగా రాస్తున్నాను.

ముందుగా బావి గురించి రెండు మాటలు. గాలియం ఆర్సెనైడ్ పలుచని పొరను రెండు అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ పొరల మధ్య పెంచితే ఎలక్ట్రాన్ మధ్య పొరలో చిక్కుకుంటుంది. 10 నానోమీటర్ల పొర అంటే సుమారు 35 పరమాణు వరుసలు. పేరు బావి అయినా నాకు మాత్రం అది మడిలో నిలబెట్టిన నీరులా అనిపిస్తుంది. గట్ల మధ్య నీరు పొలమంతా పారగలదు, లోతు మాత్రం ఆరంగుళాలు దాటదు. ఎలక్ట్రాన్ కూడా పొర తలంలో రెండు దిశల్లో స్వేచ్ఛగా తిరుగుతుంది, నిలువు దిశలో దానికి చోటు లేదు. ఇంత శుభ్రమైన పొరలను ఒక్కొక్క వరుసగా పేర్చగలగడం అణుపుంజ ఎపిటాక్సీ పద్ధతి వచ్చాకే సాధ్యమైంది. బావిలోని శక్తి స్థాయిలు విడివిడిగా కనిపించడాన్ని బెల్ ప్రయోగశాలలో 1974లో చూపించారు.

ఇక అసలు విషయం. స్పిన్‌ను ఎలక్ట్రాన్ కదలికతో ముడిపెట్టే, రష్బా ప్రభావానికి మూలమైన స్పిన్-కక్ష్యా చర్య బలంగా ఉండాలంటే విద్యుత్ క్షేత్రం బలంగా ఉండాలి, ఎలక్ట్రాన్ వేగంగా ఉండాలి. ఈ రెండూ కలిసి ఉండే చోటు స్ఫటికంలో ఒక్కటే, అది పరమాణు కేంద్రకం దగ్గర. ఆర్సెనిక్ కేంద్రకంలో 33 ప్రోటాన్లు, ఇండియం కేంద్రకంలో 49 ప్రోటాన్లు ఉంటాయి. వాటి పక్కనుంచి దూసుకుపోయే క్షణంలో ఎలక్ట్రాన్ చూసే క్షేత్రం ముందు మన గేటు క్షేత్రం లెక్కలోకే రాదు.

అయితే ఇక్కడ ఒక అడ్డంకి ఉంది. గాలియం ఆర్సెనైడ్ వాహక పట్టీ (ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరిగే శక్తుల వరుస) అడుగున ఉన్న ఎలక్ట్రాన్ ఎస్ తరహాది. దానికి కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం లేదు. కక్ష్యే లేనప్పుడు స్పిన్ దేనితో ముడిపడాలి? దాని కింద, బంధాల్లోని ఎలక్ట్రాన్లు ఉండే వేలన్సీ పట్టీ పై అంచు మాత్రం పీ తరహాది. అక్కడ కక్ష్య ఉంది, కేంద్రకం ప్రభావమూ నేరుగా పడుతుంది. అందుకే ఆ పట్టీ రెండుగా చీలుతుంది: మొత్తం కోణీయ ద్రవ్యవేగం 3/2 ఉన్న పై భాగం, 1/2 ఉన్న కింది భాగం. ఈ చీలిక సిలికాన్‌లో 0.044 ఎలక్ట్రాన్‌వోల్టులు, గాలియం ఆర్సెనైడ్‌లో 0.34, ఇండియం ఆర్సెనైడ్‌లో 0.39. పరమాణువు బరువెక్కే కొద్దీ చీలిక పెరగడమే, ఇది కేంద్రకం చేసే పని అనడానికి సాక్ష్యం. సిలికాన్‌లో స్పిన్ దీర్ఘకాలం చెదరకుండా ఉండటానికి ఒక ముఖ్య కారణం కూడా ఇదే.

వాహక పట్టీలోని ఎలక్ట్రాన్ కదలడం మొదలుపెట్టగానే దాని తరంగంలో వేలన్సీ పట్టీ అంశ కొంచెం కలుస్తుంది. మీరు చదివిన కే-డాట్-పీ పద్ధతి చెప్పేది ఈ కలయిక గురించే. ఆ కలిసిన అంశతో పాటు స్పిన్-కక్ష్యా చర్య కూడా వస్తుంది. శూన్యంలోని ఎలక్ట్రాన్‌కూ ఇలాంటిదే జరుగుతుంది. డిరాక్ 1928లో రాసిన సమీకరణంలో ఎలక్ట్రాన్ స్థితులకూ దాని ప్రతికణమైన పాజిట్రాన్ స్థితులకూ మధ్య అంతరం 10,22,000 ఎలక్ట్రాన్‌వోల్టులు. అంతరం అంత పెద్దది కాబట్టి కలయిక అతి స్వల్పం, చర్య కూడా అతి స్వల్పం. గాలియం ఆర్సెనైడ్‌లో రెండు పట్టీల మధ్య అంతరం ఒకటిన్నర ఎలక్ట్రాన్‌వోల్టు, ఇండియం ఆర్సెనైడ్‌లో సుమారు 0.4. మీ లెక్కలో పోయిన పది లక్షల రెట్లు ఈ భాగహారంలో ఉన్నాయి. మీరు కాంతి వేగపు వర్గంతో భాగించినప్పుడు, తెలియకుండానే శూన్యపు అంతరాన్ని వాడారు.

సంఖ్యల్లో చెబుతాను. రష్బా గుణకాన్ని ఒక స్థిరాంకం, విద్యుత్ క్షేత్రం రెండింటి లబ్ధంగా రాస్తే, ఆ స్థిరాంకం శూన్యంలో 0.0000037 చదరపు ఆంగ్‌స్ట్రాంలు, గాలియం ఆర్సెనైడ్‌లో 5.3, ఇండియం ఆర్సెనైడ్‌లో సుమారు 120. దాని సూత్రంలో రెండు పదాల తేడా ఉంటుంది. మొదటిది పట్టీ అంతరపు వర్గానికి విలోమం. రెండోది అంతరానికి వేలన్సీ చీలికను కలిపి, ఆ మొత్తపు వర్గానికి విలోమం. చీలిక సున్నా అయితే రెండు పదాలూ ఒకటే అయి రద్దయిపోతాయి, అప్పుడు ఎంత పెద్ద గేటు క్షేత్రం ఇచ్చినా స్పిన్ కదలదు. ఈ ఒక్క సూత్రాన్ని మీ చేత్తో ఒకసారి రాసి చూడండి. ఇందులో నేను చెప్పదలచుకున్నది చాలా వరకు ఉంది.

మన కాలువల మీద లాకులు చూసే ఉంటారు. మా చిన్నతనంలో లస్కరు వచ్చి తలుపు ఎత్తితే కాలువ నిండా నీరు పారేది. పిల్లలమైన మాకు ఆ నీరంతా తలుపులోంచే పుట్టినట్లుండేది. నీరు నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి, 1852లో కాటన్ పూర్తి చేసిన ఆనకట్ట ఉన్న ధవళేశ్వరం దగ్గర మళ్లి, ప్రధాన కాలువలోంచి మా లాకు దాకా వచ్చిందని తర్వాత తెలిసింది. తలుపు ఎంత ఎత్తాలన్నది మాత్రం లస్కరు చేతిలో ఉంటుంది. బావి మీది గేటు కూడా అంతే. స్పిన్-కక్ష్యా చర్య అనే నీరు కేంద్రకం దగ్గర పుడుతుంది, పీ కక్ష్యల్లోంచి వేలన్సీ పట్టీ చీలికలోకి, అక్కడి నుంచి పట్టీల కలయిక ద్వారా మన ఎలక్ట్రాన్ దాకా వస్తుంది. గేటు సౌష్ఠవాన్ని చెరిపి దారి తెరుస్తుంది.

ఈ మాటను గుడ్డిగా నమ్మనక్కర్లేదు, వేరే సాక్ష్యం కూడా ఉంది. అయస్కాంత క్షేత్రానికి స్పిన్ ఎంతగా స్పందిస్తుందో చెప్పే సంఖ్య జీ విలువ. స్వేచ్ఛా ఎలక్ట్రాన్‌కు అది 2.0023. గాలియం ఆర్సెనైడ్‌లో అదే ఎలక్ట్రాన్ జీ విలువ మైనస్ 0.44. ఇండియం యాంటిమొనైడ్‌లో మైనస్ 50 దాకా పోతుంది. గుర్తే మారిపోయింది, పరిమాణం పాతిక రెట్లు పెరిగింది, అయినా అక్కడ గేటే లేదు. దీన్ని కూడా ఆ వేలన్సీ కలయికే, ఆ చీలికే చేస్తున్నాయి. గాలియం ఆర్సెనైడ్ బావిని సన్నగా చేసుకుంటూ పోతే సుమారు 6 నానోమీటర్ల దగ్గర జీ సున్నా అయి, తర్వాత ధనాత్మకం అవుతుంది. అలాంటి బావిలోని ఎలక్ట్రాన్ స్పిన్ బయటి అయస్కాంత క్షేత్రాన్ని దాదాపు పట్టించుకోదు. మొదటిసారి ఆ ఫలితం చూసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

ఇప్పుడు మీరు అడగని ప్రశ్న ఒకటి. అడిగి తీరాల్సిన ప్రశ్న కాబట్టి నేనే తెస్తున్నాను. బావిలో బందీగా ఉన్న ఎలక్ట్రాన్ నిలువు దిశలో ఎటూ పోవడం లేదు. ఎటూ పోనిదాని మీద సగటు బలం సున్నా కావాలి. ఇది ఎహ్రెన్‌ఫెస్ట్ సిద్ధాంతం, మీరు బి.ఎస్సీ.లోనే చదివి ఉంటారు. గేటు ఎలక్ట్రాన్‌ను ఒక గోడవైపు నెడితే, ఆ గోడ అంతే బలంగా వెనక్కి నెడుతుంది. గేటు క్షేత్రం, గోడ క్షేత్రం రెండూ కలిపితే ఎలక్ట్రాన్ చూసే సగటు క్షేత్రం సున్నా. మరి రష్బా ప్రభావం ఎక్కడి నుంచి వచ్చింది? ఈ అభ్యంతరాన్ని 1970ల్లోనే లేవనెత్తారు, కొంతకాలం చాలామందిని తికమకపెట్టింది.

1985లో లాస్నిగ్ దీన్ని విడదీశారు. స్పిన్ చర్య వేలన్సీ పట్టీ ద్వారా వస్తోంది కదా, కాబట్టి సగటు తీయాల్సింది వేలన్సీ పట్టీ అంచు వాలుకు. వాహక పట్టీ వాలుకు కాదు. బొమ్మ గీయండి. గేటు వోల్టేజీ ఇవ్వగానే వాహక పట్టీ, వేలన్సీ పట్టీ రెండూ ఒకే వైపు, ఒకే వాలుతో వంగుతాయి. గోడ దగ్గర మాత్రం రెండూ విరుద్ధంగా ప్రవర్తిస్తాయి. వాహక పట్టీ అంచు గోడలోకి వెళ్తూ పైకి లేస్తుంది, వేలన్సీ పట్టీ అంచు కిందికి దిగుతుంది. వాహక పట్టీలో గేటు వాలునూ గోడ మెట్టునూ కలిపితే సున్నా వస్తుంది. వేలన్సీ పట్టీలో మెట్టు గుర్తు తిరగబడింది కాబట్టి, అవే రెండు భాగాలు ఒకదానికొకటి తోడవుతాయి. సున్నా కావడం మాట అటుంచి, ఫలితం ఇంకా పెరుగుతుంది. గోడ పదార్థం మారిస్తే రష్బా గుణకం మారడానికి కారణం ఇదే. గేటు క్షేత్రమే అంతా అయి ఉంటే గోడ దేనితో కట్టామన్నది ఇంత ముఖ్యమయ్యేది కాదు. చాలా పుస్తకాలు ఈ పేజీని వదిలేసి ముందుకు పోతాయి. విద్యార్థులకు ఆ ఒక్క పేజీ దక్కకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

సౌష్ఠవం గురించి కూడా స్పష్టంగా ఉండాలి. కాలాన్ని తిరగేస్తే ద్రవ్యవేగమూ స్పిన్ కూడా తిరగబడతాయి. స్థానాన్ని విలోమం చేస్తే ద్రవ్యవేగం ఒక్కటే తిరగబడుతుంది, స్పిన్ అలాగే ఉంటుంది. రెండు సౌష్ఠవాలూ ఉంటే, ఒకే ద్రవ్యవేగం దగ్గర పై స్పిన్, కింది స్పిన్ శక్తులు సమానం కాక తప్పదు. అయస్కాంతం లేకుండా స్పిన్‌లు విడిపోవాలంటే విలోమ సౌష్ఠవం పోవాలి. అది పోవడానికి మన బావిలో రెండు దారులు ఉన్నాయి. ఒకటి బావి ఒక వైపుకు వాలడం, దీన్ని రష్బా అంటాం. 1960లో రష్బా పెద్ద స్ఫటికాలకు చెప్పిన దానిని, 1984లో బిచ్కోవ్‌తో కలిసి రెండు కొలతల ఎలక్ట్రాన్లకు రాశారు. రెండోది స్ఫటికంలోనే పుట్టుకతో ఉన్న అసౌష్ఠవం. గాలియం నుంచి ఆర్సెనిక్‌కు పోయే బంధానికి తల, తోక ఉన్నాయి. సిలికాన్‌లో రెండు చివరలా ఒకే పరమాణువు కాబట్టి ఆ తేడా లేదు. ఈ రెండో దాన్ని 1955లో డ్రెసెల్‌హౌస్ చూపించారు.

డ్రెసెల్‌హౌస్ భాగం పెద్ద స్ఫటికంలో ద్రవ్యవేగపు ఘనంతో పెరుగుతుంది. బావిలో నిలువు ద్రవ్యవేగం బందీ అయిపోవడంతో, దాని వర్గపు సగటు బయటికి వచ్చి ఒక సరళ పదం మిగులుతుంది. బావి మందం సగం చేస్తే ఆ పదం నాలుగు రెట్లవుతుంది. గాలియం ఆర్సెనైడ్‌లో 10 నానోమీటర్ల బావికి ఇది సుమారు 1 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టు-నానోమీటరు. అంటే రష్బా గుణకం గేటు చేతిలో, డ్రెసెల్‌హౌస్ గుణకం బావిని పెంచినవారి చేతిలో ఉన్నాయి. ఈ మాట గుర్తుంచుకోండి, కింద పనికొస్తుంది.

వీటిని ఎలా కొలుస్తారన్నది మీరు అడగలేదు కానీ, నా జీవితంలో ఎక్కువ రోజులు గడిచింది ఆ పనిలోనే. ద్రవ హీలియం ఉష్ణోగ్రతలో ఎలక్ట్రాన్ తరంగం ఒక చుట్టును రెండు దిశల్లోనూ తిరిగి మొదటి చోటికే వస్తుంది. స్పిన్ లేకపోతే ఆ రెండు తరంగాలూ బలపరచుకుంటాయి, నిరోధం కొంచెం పెరుగుతుంది. స్పిన్-కక్ష్యా చర్య ఉంటే రెండు దారుల్లో స్పిన్ విరుద్ధ దిశల్లో తిరుగుతుంది. రెండింటి మధ్య ఒక పూర్తి చుట్టు తేడా వచ్చిందంటే తరంగానికి మైనస్ గుర్తు చేరుతుంది, ఎందుకంటే సగం స్పిన్ ఉన్న కణం మొదటి స్థితికి రావాలంటే రెండు చుట్లు తిరగాలి. బలపడాల్సిన చోట రద్దవుతుంది, నిరోధం తగ్గుతుంది. చిన్న అయస్కాంత క్షేత్రం పెట్టగానే ఈ ప్రభావం చెదిరిపోతుంది. కాబట్టి సున్నా క్షేత్రం దగ్గర వాహకత గీతలో ఒక సన్నని మొన కనిపిస్తుంది. ఆ మొన ఆకారం నుంచి స్పిన్ తిరిగే వేగం తీస్తాం. ఒక నమూనాను రెండు వైపులా సమానంగా డోపింగ్ (కావాలని మలినాలు కలపడం) చేయించి, గేటును ధనాత్మకంగానూ రుణాత్మకంగానూ మార్చి చూశాం. సున్నా దగ్గర మొన దాదాపు మాయమై, రెండు వైపులా మళ్లీ లేచింది. గేటు తలుపు మాత్రమేనని నేను కళ్లతో చూసింది ఆ రాత్రే. గేటుతో రష్బా గుణకాన్ని మార్చవచ్చని నిట్టా బృందం జపాన్‌లో 1997లోనే చూపించింది.

ఇక మీ రెండో ప్రశ్న. అంబాజీపేట వైపు కొబ్బరి పీచుతో తాడు పేనేవాళ్లను గమనించండి. రాట్నం ఒకే వైపు తిరుగుతూ ఉంటే పురి బిగుస్తుంది. క్షణం కుడికి, క్షణం ఎడమకు తిప్పుతూ పోతే ఎంతసేపటికీ పురి పడదు, పీచు పీచుగానే ఉంటుంది. ఎలక్ట్రాన్ స్పిన్‌ను తిప్పే క్షేత్రం దిశ దాని ద్రవ్యవేగాన్ని బట్టి ఉంటుంది. ఢీకొన్న ప్రతిసారీ ద్రవ్యవేగం మారుతుంది, కాబట్టి తిప్పే దిశ కూడా మారుతుంది. త్వరత్వరగా ఢీకొంటే ఏ దిశలోనూ స్పిన్ ఎక్కువ తిరగలేదు. ద్యకొనోవ్, పెరెల్ 1971లో చెప్పింది ఇదే.

సంఖ్యలు వేద్దాం. స్పిన్ విభజన 0.1 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టు అయితే స్పిన్ తిరిగే కోణీయ వేగం పికోసెకనుకు 0.15 రేడియన్లు. రెండు ఢీకొనడాల మధ్య కాలం 1 పికోసెకను అయితే ఒక్కోసారి 0.15 రేడియన్లు తిరుగుతుంది. దిశలు యాదృచ్ఛికం కాబట్టి కోణాల వర్గాలు కూడతాయి, కోణాలు కూడవు. లెక్క కడితే స్పిన్ సుమారు 43 పికోసెకన్లు నిలుస్తుంది. ఢీకొనే కాలాన్ని పదో వంతుకు, అంటే 0.1 పికోసెకనుకు తగ్గిస్తే, స్పిన్ ఆయుష్షు పది రెట్లై 430 పికోసెకన్లవుతుంది. శుభ్రమైన నమూనాలో స్పిన్ త్వరగా పోవడం, మలినాలున్న నమూనాలో నిలవడం ఇందువల్లే.

అయినా మీ ఊహను పూర్తిగా కొట్టివేయను. ఢీకొన్నప్పుడే స్పిన్ తిరగబడే దారి మరొకటి ఉంది, దానికి ఎలియట్, యాఫెట్ పేర్లు పెట్టారు. అక్కడ ఎక్కువ ఢీకొంటే ఎక్కువ నష్టమే. లోహాల్లో, సిలికాన్‌లో నడిచేది ఆ దారి. మీరు చదివిన వాక్యం ఏ పదార్థం గురించో ముందు చూసుకోవాలి.

ఇప్పుడు రెండు ప్రశ్నలూ కలిసే చోటికి వద్దాం. సాధారణంగా బావిని పెంచే దిశలో, తలంలోని ఒక కర్ణం వెంబడి రష్బా, డ్రెసెల్‌హౌస్ క్షేత్రాలు కలుస్తాయి, రెండో కర్ణం వెంబడి తీసివేతవుతాయి. రెండు గుణకాలూ సరిగ్గా సమానమైతే? ఆ రెండో కర్ణం వెంబడి కదిలితే క్షేత్రమే ఉండదు. వేరే ఏ దిశలో కదిలినా క్షేత్రం ఒకే అక్షం మీద ఉంటుంది. దాని పరిమాణం, మొదటి కర్ణం వెంబడి ఉన్న వేగానికి అనుపాతం. వేగాన్ని కాలం వెంబడి కూడుతూ పోతే వచ్చేది స్థానభ్రంశం కదా. అంటే స్పిన్ తిరిగిన కోణం, ఎలక్ట్రాన్ ఆ ఒక్క దిశలో ఎంత జరిగిందన్న దాని మీదే ఆధారపడుతుంది. రావులపాలెం నుంచి అమలాపురానికి ఏ దారిన, ఎన్ని మలుపులు తిరిగి వెళ్లినా, తూర్పుకు జరిగిన దూరం ఒక్కటే. అలాగే ఎలక్ట్రాన్ వందసార్లు ఢీకొన్నా, చేరిన చోటును బట్టి దాని స్పిన్ ఎటు చూస్తుందో ముందే చెప్పవచ్చు. స్పిన్‌లన్నీ స్థానాన్ని బట్టి పురిలా మెలికలు తిరిగి నిలబడతాయి. ఈ స్థితిలో ద్యకొనోవ్-పెరెల్ నష్టం ఆగిపోతుంది.

ఈ సమానతలో ఢీకొనడాలను తట్టుకునే స్పిన్ ట్రాన్సిస్టర్ సాధ్యమని ష్లీమన్, ఎగ్యుస్, లాస్ 2003లో సూచించారు. 2006లో బెర్నెవిగ్, ఓరెన్‌స్టైన్, జాంగ్ ఆ పురి వెనుక ఉన్న సౌష్ఠవాన్ని బయటపెట్టారు. 2009లో గాలియం ఆర్సెనైడ్ బావుల్లో దాన్ని ప్రయోగం చూపింది, 2012లో నేరుగా చిత్రంగా తీశారు. పురి పొడవు పది మైక్రోమీటర్ల చుట్టుపక్కల ఉంది. పూర్తిగా చావులేని స్థితేమీ కాదు. డ్రెసెల్‌హౌస్ భాగంలో మిగిలిపోయిన ఘన పదం నెమ్మదిగా దాన్ని చెరుపుతుంది. అయినా రెండు వేర్వేరు మూలాల నుంచి వచ్చిన రెండు అసౌష్ఠవాలు కలిసి కొత్త సౌష్ఠవాన్ని పుట్టించడం కంటే అందమైన విషయం ఈ రంగంలో నాకు తెలియదు.

హోల్‌ల (ఎలక్ట్రాన్ లేకపోవడం వల్ల ఏర్పడే ఖాళీల) గురించి క్లుప్తంగా. అవి వేలన్సీ పట్టీలోనే ఉంటాయి కాబట్టి స్పిన్-కక్ష్యా చర్యకు మధ్యవర్తి అక్కర్లేదు. పెద్ద స్ఫటికంలో వాటి స్పిన్ ఒక పికోసెకను కూడా నిలవదు. బావిలో బరువు హోల్‌లు, తేలిక హోల్‌లు శక్తిలో విడిపోవడంతో పరిస్థితి చాలా మెరుగవుతుంది. వృత్తాకార ధ్రువిత కాంతితో ఎలక్ట్రాన్లకు స్పిన్ ఇచ్చేటప్పుడు కూడా ఈ విడిపోవడమే ఉపయోగపడుతుంది. పెద్ద స్ఫటికంలో రెండు రకాల హోల్‌ల నుంచీ 3:1 నిష్పత్తిలో విరుద్ధ స్పిన్‌లు రావడంతో ధ్రువణం 50 శాతం దాటదు. బావిలో బరువు హోల్‌ల శక్తికి లేజర్‌ను సరిచేస్తే 100 శాతం దగ్గరకు పోవచ్చు.

మీ ఉత్తరం చివర స్పిన్ ట్రాన్సిస్టర్ సంగతి కూడా ఉంది. 1990లో సుప్రియో దత్తా, బిశ్వజిత్ దాస్ పర్డ్యూ విశ్వవిద్యాలయం నుంచి దాన్ని ప్రతిపాదించారు. దత్తా ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివినవారు. పైన తీసుకున్న బావిలో స్పిన్ సగం చుట్టు తిరగడానికి 240 నానోమీటర్లు చాలు. గేటుతో రష్బా గుణకాన్ని మారిస్తే స్పిన్ అవతలి అయస్కాంత కొనకు అనుకూలంగానో వ్యతిరేకంగానో చేరుతుంది. 2009లో ఇండియం ఆర్సెనైడ్ బావిలో అతి తక్కువ ఉష్ణోగ్రత దగ్గర ఆ డోలనాన్ని చూశారు. అయస్కాంత లోహం నుంచి అర్ధవాహకంలోకి స్పిన్‌ను దించడం కష్టం, రెండింటి వాహకతల మధ్య తేడా మరీ ఎక్కువ. గది ఉష్ణోగ్రతలో నమ్మకంగా పనిచేసే పరికరంగా అది ఇంకా మారలేదు. ఇక్కడ చేయాల్సిన పని చాలా మిగిలి ఉంది, మీ తరం చేయాల్సిన పని.

ప్రయోగశాల లేకపోయినా కాగితం మీద మీరు ఇప్పుడే చేయగల లెక్క ఒకటి ఇస్తున్నాను. గాలియం ఆర్సెనైడ్ బావిలో పురి నిలవడానికి ఎంత గేటు క్షేత్రం కావాలి? రష్బా గుణకానికి 5.3 చదరపు ఆంగ్‌స్ట్రాంల స్థిరాంకాన్ని క్షేత్రంతో గుణించండి. డ్రెసెల్‌హౌస్‌కు 10 ఎలక్ట్రాన్‌వోల్టు-ఘన ఆంగ్‌స్ట్రాంల గుణకాన్ని, π ని మందంతో భాగిస్తే వచ్చిన దాని వర్గంతో గుణించండి. గోడలు అనంతమైన ఎత్తని అనుకోండి. 10 నానోమీటర్ల బావికి నాకు నానోమీటరుకు 19 మిల్లీవోల్టుల దాకా వచ్చింది, అది గట్టి క్షేత్రమే. 15 నానోమీటర్లకు ఎనిమిది దాటి కొంచెం వచ్చింది. తర్వాత గోడ ఎత్తును పరిమితం చేసి మళ్లీ వేయండి. అలల తోక గోడలోకి పారడంతో డ్రెసెల్‌హౌస్ భాగం తగ్గాలి, కావలసిన క్షేత్రం కూడా తగ్గాలి. ఎంత తగ్గిందో రాసి పంపండి, నా లెక్కతో సరిపోల్చి చూస్తాను.